ఒంటికి నీరెందుకు పడుతుంది?



వాపును చూసి బలుపనుకోవద్దని మన పెద్దలంటారు. ఈ మాటను మనం సాధారణంగా డబ్బు గురించో, పలుకుబడి గురించో వాడుతుంటాం. ఈ రోజు దాన్ని అక్షరాలా శరీరం గురించిన మాటగానే తీసుకుందాం. రెండేళ్ళ పిల్లవాడొకడున్నాడనుకోండి. బుగ్గలు నిండుగా ఉన్నాయి, పాదాలు బొద్దుగా ఉన్నాయి. "మొన్నమొన్నటిదాకా పుల్లలా ఉండేవాడు, ఈమధ్యే కాస్త ఒళ్ళు చేశాడు" అంటుంది నాయనమ్మ. డాక్టరు ఆ పాదం మీద బొటనవేలితో నొక్కి వేలు తీస్తే గుంట పడుతుంది. ఆ గుంట వెంటనే పూడదు. పిల్లవాడు ఒళ్ళు చేయలేదు, ఒంటికి నీరు పట్టింది. వాడి దగ్గరకు చివర్లో మళ్ళీ వద్దాం. ముందు ఆ నీరు ఎక్కడినుంచి వచ్చిందో తెలుసుకోవాలి.

మీరు కూడా ఒక పని చేయండి. మోకాలి కింద ముందువైపు చేతికి తగిలే ఎముక మీద, చీలమండకు కాస్త పైన, బొటనవేలితో గట్టిగా నొక్కి పది లెక్కపెట్టండి. వేలు తీసి ఆ చోటును తడిమి చూడండి. ఆరోగ్యవంతుల్లో అక్కడ గుంట మిగలదు. గుంట మిగిలితే చర్మం కింద నీరు చేరిందన్నమాట. మేజోళ్ళ అంచు కాలిమీద వదిలే సన్నని గీతను చూసి కంగారుపడకండి, అది చాలామందికి పడుతుంది.

వాపులన్నీ ఒకటి కావు. తేలు కుట్టినచోట, సెగ్గడ్డ లేచినచోట, మడమ బెణికినచోట వచ్చే వాపు ఎర్రగా, వేడిగా, నొప్పిగా ఉంటుంది. క్రీస్తుశకం మొదటి శతాబ్దంలోనే సెల్సస్ అనే రోమన్ రచయిత ఈ నాలుగు లక్షణాలనూ కలిపి రాశాడు. అది గాయం మీద శరీరం చేసే పోరాటం. దాని కారణం సాధారణంగా కంటికి కనిపిస్తూనే ఉంటుంది. మనం ఎక్కువసేపు మాట్లాడుకోవలసింది రెండో రకం గురించి. నొప్పి లేకుండా, ఎర్రబారకుండా, నెమ్మదిగా వచ్చే వాపు అది. నొప్పి లేదు కాబట్టి జనం దాన్ని పట్టించుకోరు. చిక్కంతా అక్కడే ఉంది.

డెబ్భై కిలోల మనిషి ఒంట్లో సుమారు 42 లీటర్ల నీరుంటుంది. అందులో 28 లీటర్లు కణాల లోపల, మిగిలిన 14 కణాల వెలుపల ఉంటాయి. ఆ పద్నాలుగులో రక్తంలోని ద్రవభాగం మూడు లీటర్లే. తక్కిన పదకొండు లీటర్లూ కణాల మధ్య సందుల్లో ఉంటాయి. ఈ సందుల్లోని నీరు పెరిగితే వచ్చేదే మనం చెప్పుకునే వాపు. ఒక విషయం గుర్తుపెట్టుకోండి. రెండు మూడు లీటర్లు అదనంగా చేరేదాకా వాపు కంటికి సరిగా కనిపించదు. అంతకుముందే దాన్ని బరువు తూచే యంత్రం పట్టేస్తుంది. గుండె జబ్బున్నవాళ్ళను రోజూ ఉదయం బరువు చూసుకోమని డాక్టర్లు చెప్పేది ఇందుకే. రెండుమూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే అది కొవ్వు కాదు, నీరు.

ఈ నీటి రాకపోకలకు వరిచేనుకన్నా మంచి పోలిక నాకు తోచలేదు. చేనుకు నీరు తెచ్చే కాలువ ఒకటుంటుంది, ఎక్కువైన నీటిని తీసుకుపోయే మురుగు కాలువ ఇంకొకటుంటుంది. కాలువలో నీటిమట్టం పెరిగినా, గట్టుకు గండ్లు పడినా, మురుగు కాలువ పూడిపోయినా చేను మునుగుతుంది. మన శరీరంలో కాలువలంటే వెంట్రుకకన్నా సన్నటి రక్తకేశనాళికలు, గట్లంటే వాటి గోడలు. మురుగు కాలువలంటే శోషరస నాళాలు, వీటినే లింఫ్ నాళాలంటాం. పోలిక ఇంతవరకే సరిపోతుంది. ఎందుకంటే పొలం కాలువలో లేనిది రక్తంలో ఇంకొకటుంది. అది ఆల్బుమిన్ అనే ప్రోటీను. కాలేయం దీన్ని తయారుచేస్తుంది. వంద మిల్లీలీటర్ల రక్తద్రవంలో మూడున్నర నుంచి ఐదు గ్రాముల దాకా ఉంటుంది. అది తన చుట్టూ నీటిని పట్టి ఉంచి, రక్తనాళం దాటిపోనివ్వదు. బయటికి తోసే పీడనం ఒకవైపు, లోపల పట్టి ఉంచే ప్రోటీను ఇంకొకవైపు ఉంటాయని, ఈ రెండింటి తూకం మీదే అంతా ఆధారపడుతుందని ఇంగ్లాండుకు చెందిన ఎర్నెస్ట్ స్టార్లింగ్ 1896లో చెప్పాడు. బయటికి వెళ్ళిన నీరు చాలావరకు కేశనాళిక చివర్లో తిరిగి రక్తంలోకే వచ్చేస్తుందని మీ పాఠ్యపుస్తకంలో ఉండవచ్చు. అది పాత లెక్క. చాలా అవయవాల్లో ఆ నీటిని వెనక్కి తెచ్చే పని ముఖ్యంగా లింఫ్ నాళాలదేనని ఇప్పుడు తెలిసింది.

కాబట్టి వాపు కనిపించినప్పుడు అడగవలసిన ప్రశ్న "ఈ నీటిని ఎలా తీసేయాలి?" అన్నది కాదు. కాలువ పొంగిందా, గట్టు తెగిందా, ఆల్బుమిన్ తగ్గిందా, మురుగు కాలువ పూడిందా అని అడగాలి. జవాబు తరచు ఆ వాపులోనే దొరుకుతుంది. అది ఎక్కడ మొదలైంది, ఏ వేళ పెరుగుతుంది, ఒకవైపా రెండువైపులా అన్నది చూస్తే చాలా సంగతులు తెలుస్తాయి.

ముందుగా గుండెను చూద్దాం. గుండె రక్తాన్ని సరిగా తోయలేకపోతే సిరల్లో రక్తం నిలిచి పీడనం పెరుగుతుంది. నీరు పల్లమెరుగుతుంది కాబట్టి రెండు పాదాల్లోనూ దిగుతుంది. సాయంత్రానికి చెప్పులు బిగుతవుతాయి, రాత్రి పడుకుని లేస్తే కాస్త తగ్గుతుంది. వెల్లకిలా పడుకుంటే ఆయాసం, అర్ధరాత్రి ఊపిరాడక లేచి కూర్చోవడం, నాలుగు మెట్లెక్కితే అలుపు దీనికి తోడవుతాయి. మంచం పట్టిన రోగికి పాదాలు వాచకపోవచ్చు. వాళ్ళకు పల్లం నడుము కింది భాగమే గనుక అక్కడ నొక్కి చూడాలి. ఇది మరిచిపోయి పాదాలు మాత్రమే చూసి వాపు లేదని రాసేసే వైద్య విద్యార్థులు ప్రతి ఏటా ఉంటారు.

మూత్రపిండాల సంగతి వేరు. ఈ వాపు పొద్దున్నే కళ్ళ కింద కనిపిస్తుంది. కనురెప్పల చర్మం పలచన, దాని కింద కండ వదులు కాబట్టి నీరు అక్కడ ముందుగా చేరుతుంది. బడికి వెళ్ళే వేళకు ముఖం ఉబ్బి ఉండి, సాయంత్రానికి తేటపడుతుంటే నిద్ర ఎక్కువైందనో, జలుబు చేసిందనో ఇంట్లో సరిపెట్టుకుంటారు. మూత్రం నురగ కడుతోందేమో అడగండి. మూత్రపిండాల జల్లెడకు చిల్లులు పడి ఆల్బుమిన్ కారిపోతుంటే అలా నురగ వస్తుంది. చిన్నపిల్లల్లో వచ్చే నెఫ్రోటిక్ సిండ్రోమ్ అనే జబ్బు ఇదే, చాలామందికి మందులతో అదుపులోకి వస్తుంది. ఒంటిమీద చీము పుండ్లు లేచిన పిల్లలకో, గొంతునొప్పి వచ్చిన పిల్లలకో ఒకటి నుంచి ఆరు వారాల తరువాత ముఖం వాచి, మూత్రం టీ డికాక్షన్ రంగులో వస్తే అది ఇంకో జబ్బు. దానికి రక్తపోటు చూడటం తప్పనిసరి.

ఒంటికి నీరు పట్టడానికి మూత్రపిండాలు కారణం కావచ్చని స్పష్టంగా చూపినవాడు లండన్ గైస్ ఆసుపత్రి వైద్యుడు రిచర్డ్ బ్రైట్. 1827లో ఆయన ప్రచురించిన పరిశీలనలకు పెద్ద యంత్రాలేవీ అవసరం కాలేదు. రోగి మూత్రాన్ని వేడిచేస్తే, ఆల్బుమిన్ ఉన్నప్పుడు అది కోడిగుడ్డు తెల్లసొనలా తెల్లగా పేరుకుంటుంది. అంతవరకు అందరికీ ఒకే పేరు, ఒకే వైద్యం. అప్పటినుంచి నీరు పట్టినవాళ్ళలో మూత్రపిండాల రోగులను వేరుచేయడం వీలైంది.

కాలేయం పాడైతే నీరు ముందుగా పొట్టలో చేరుతుంది. జలోదరం అంటామే, అది. పొట్ట కుండలా ఉంటుంది, చేతులూ భుజాలూ మాత్రం ఎండిపోయి ఉంటాయి. తరువాత కాళ్ళకు దిగుతుంది. కళ్ళు పచ్చబడటం ఒక గుర్తు.

ఇవన్నీ రెండువైపులా వచ్చే వాపులు. ఒక్క కాలే ఉన్నట్టుండి వాచి, పిక్క నొప్పిపెడితే దాన్ని అత్యవసరంగా చూడాలి. శస్త్రచికిత్స తరువాతో, కాన్పు తరువాతో, చాలా రోజులు మంచంలో ఉన్నాకో లోపలి సిరలో రక్తం గడ్డకట్టి ఉండవచ్చు. ఆ గడ్డ ఊడి ఊపిరితిత్తులకు చేరితే ప్రాణం మీదికి వస్తుంది. మన ఇళ్ళలో కాలు వాచిందనగానే నూనె రాసి మర్దన చేయడం అలవాటు. ఈ కాలికి మర్దన చేయకూడదు, ఆసుపత్రికి తీసుకెళ్ళాలి.

ఏళ్ళ తరబడి నెమ్మదిగా పెరిగే ఒంటికాలి వాపు మనకు బాగా తెలిసిన బోదకాలు. మురుగు కాలువ పూడిపోవడమంటే ఇదే. క్యూలెక్స్ దోమ కుట్టినప్పుడు ఒంట్లోకి చేరే ఫైలేరియా పురుగులు లింఫ్ నాళాల్లో కాపురం పెట్టి వాటిని పాడుచేస్తాయి. మొదట్లో నొక్కితే గుంట పడుతుంది. పోనుపోను చర్మం మందమై, గరుకెక్కి, గుంట పడటం మానేస్తుంది. కేరళలోని చేర్తల ప్రాంతంలో ఇంకో జాతి పురుగు ఉండేది. దాన్ని మోసే దోమ పిల్లలు చెరువుల్లోని నీటిమొక్కల వేళ్ళను పట్టుకుని బతికేవి. ఈ జబ్బుకు వాడే డైఇథైల్ కార్బమజీన్ మందు 1947లో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో వెలువడింది. ఆ పరిశోధనకు నాయకత్వం వహించినవారు భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. బోదకాళ్ళు ఎక్కువగా కనిపించే గోదావరి గడ్డమీద పుట్టినాయన దానికి మందు అందించారని నేను క్లాసులో చెప్పకుండా ఉండలేను.

2004 నుంచి మన దేశంలో ఈ జబ్బున్న జిల్లాల్లో ఏడాదికోసారి అందరికీ ఈ మాత్రలు ఇస్తూ వచ్చారు. "నాకు జబ్బు లేదు కదా, నేనెందుకు మింగాలి?" అని చాలామంది వాటిని జేబులో వేసుకుని పోతారు. ఒంట్లో పురుగు పిల్లలున్నా పైకి ఆరోగ్యంగా కనిపించేవాళ్ళ నుంచే దోమ ఈ జబ్బును మోసుకుపోతుంది. అందుకే అందరూ మింగాలి. రెండేళ్ళలోపు పిల్లలకు, గర్భిణులకు, తీవ్రమైన జబ్బుతో ఉన్నవాళ్ళకు మాత్రం ఇవ్వరు. ముదిరిన కాలిని ఈ మాత్ర మామూలు చేయలేదు. దానికి రోజూ సబ్బుతో కడగడం, వేళ్ళ సందులు తడి లేకుండా తుడవడం, కూర్చున్నప్పుడు కాలు ఎత్తులో పెట్టుకోవడం కావాలి. కష్టమైన పనులు కావు గానీ, ఏళ్ళ తరబడి మానకుండా చేయాలి.

గట్టు తెగితే ఏమవుతుందో 1998లో ఢిల్లీ చూసింది. ఆవనూనెలో బలురక్కసి గింజల నూనె కలిసింది. పొలాల గట్లమీద ముళ్ళ ఆకులతో, పసుపుపచ్చ పూలతో కనిపించే మొక్కే అది. గింజలు ఆవాల్లాగే ఉంటాయి. అందులోని విషం కేశనాళికల గోడలను వదులుచేస్తుంది. ఒకే ఇంట్లో నలుగురికీ ఒకేసారి కాళ్ళు వాచి ఎర్రబడటం, విరేచనాలు, ఆయాసం కనిపించాయి. అరవైమందికి పైగా చనిపోయారు. ఇంటిల్లిపాదికీ ఒకేసారి వాపు వస్తే ముందు వంటగదిలోని నూనెను అనుమానించాలి.

గర్భిణికి నెలలు నిండేకొద్దీ చీలమండలు వాయడం మామూలే. కానీ ముఖం, చేతులు ఉన్నట్టుండి ఉబ్బి, తలనొప్పి వచ్చి, చూపు మసకబారితే ఆ రోజే రక్తపోటు చూపించాలి. పెద్దవాళ్ళు గుర్రపువాతం అనే మూర్ఛలు దీని తరువాత మెట్టు. ఇక మందుల వల్ల వచ్చే వాపులున్నాయి. రక్తపోటుకు వాడే ఆమ్లోడిపిన్ పాదాలను వాపిస్తుంది. అదే జబ్బుకు వాడే ఎనలాప్రిల్ అరుదుగా పెదవులను, నాలుకను ఉబ్బిస్తుంది. నాలుక ఉబ్బి గొంతు మూసుకుపోతున్నట్టుంటే క్షణం ఆలస్యం చేయకూడదు. కీళ్ళనొప్పులకని నెలల తరబడి మింగే నొప్పి మాత్రలు కూడా ఒంట్లో ఉప్పును, నీటిని నిలవచేస్తాయి.

ఇప్పుడు మన పిల్లవాడి దగ్గరకు వద్దాం. ఈ జబ్బును ఆఫ్రికాలోని గోల్డ్ కోస్ట్‌లో, అంటే నేటి ఘనాలో, సిసిలీ విలియమ్స్ అనే వైద్యురాలు 1933లో వర్ణించారు. అక్కడివాళ్ళు పిలిచే పేరునే తీసుకుని 1935లో క్వాషియోర్కర్ అని రాశారు. చెల్లో తమ్ముడో పుట్టగానే తల్లిపాలకు దూరమైన పిల్లకు వచ్చే జబ్బు అని దాని భావం. మాంసకృత్తులు చాలక ఇది వస్తుందని చాలాకాలం పాఠం చెప్పారు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థలో పనిచేసిన సి. గోపాలన్‌గారు ఆ లెక్కను ప్రశ్నించారు. ఒకే రకం తిండి తింటున్న పిల్లల్లో ఒకరు ఎముకల గూడవుతుంటే, ఇంకొకరు ఎందుకు వాస్తున్నారు? లేమికి సర్దుకోగలిగిన శరీరం ఎండిపోతుందని, సర్దుకోలేనిది వాస్తుందని ఆయన అన్నారు. తట్టు, విరేచనాల వంటి జబ్బులు దీన్ని తెచ్చిపెట్టడం తరచుగా చూస్తాం. పూర్తి జవాబు కోసం పరిశోధన ఇంకా సాగుతూనే ఉంది.

అంగన్‌వాడీల్లో పిల్లల దండకు కొలత పట్టీ చుట్టడం మీరు చూసే ఉంటారు. ఆరు నెలల నుంచి ఐదేళ్ళలోపు పిల్లల్లో పదకొండున్నర సెంటీమీటర్లకు తగ్గితే తీవ్రమైన లోపం. కానీ రెండు పాదాల్లో గుంట పడితే, పట్టీ ఎంత చూపినా, బరువు ఎంతున్నా, దాన్ని తీవ్రమైన లోపంగానే లెక్కించాలి. ఇలాంటి పిల్లవాడికి, వాచాడు కదా అని నీరు తీసే బిళ్ళ వేస్తే ప్రమాదం. ఆ నీరు చేరింది రక్తనాళాల వెలుపల. బిళ్ళ లాగేది రక్తంలోని నీటిని. అసలే అంతంతమాత్రంగా ఉన్న రక్తప్రసరణ కుప్పకూలవచ్చు. అతనికి కావలసింది రెండు మూడు గంటలకోసారి కొద్దికొద్దిగా పాలు, చక్కెర, నూనె కలిపిన ఆహారం, ఒళ్ళు చల్లబడకుండా వెచ్చదనం, లోపలి చీముకు మందు.

ఆసుపత్రిలో చేర్చిన మొదటి వారం పదిరోజుల్లో ఆ పిల్లవాడి బరువు తగ్గుతుంది. అంతకుముందు బొద్దుగా కనిపించిన బుగ్గలు జారిపోయి, పక్కటెముకలు బయటపడతాయి. "ఇక్కడికొచ్చాక ఇంకా చిక్కిపోయాడు, ఇంటికి తీసుకుపోతాం" అని నాయనమ్మ గొడవ పెట్టేది అప్పుడే. ఆమెను కూర్చోబెట్టి, ఆ పాదం మీద ఆమె చేతనే నొక్కించి, గుంట పడటం లేదని చూపించాలి. మొదటిరోజు పడిన గుంటను ఆమె చూసే ఉంటుంది. తగ్గింది నీరని అప్పుడు ఆమెకు అర్థమవుతుంది. బరువు కాగితం మీద గీత అక్కడినుంచి పైకి తిరిగేదాకా ఇంకొన్నాళ్ళు ఉండటానికి ఒప్పుకుంటుంది.