విద్యానగరమున రెండు దినములు

(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ప్రసంగము)



ఇట్టి సభలో పండితులు మాటలాడుట ఉచితము. నేను పండితుడను గాను. ఊరి జమాఖర్చులు వ్రాయుట నా వృత్తి. నా బడిచదువు పదవ తరగతితో ముగిసినది. ఈ గ్రంథాలయము తెరచిన నాటికి నాకు ముప్పది యేండ్లు. అటుపిమ్మట శబ్దరత్నాకరము ప్రక్కన పెట్టుకొని, ఒక్కొక్క పద్యమే కూడబలుకుకొనుచు, భాగవతము మొదలుకొని చేతనైనంత చదివితిని. నాకు గురువు ఈ గది. నా పరీక్షాధికారి ఆ నిఘంటువు. ఆ చనువు చేతనే కార్యదర్శిగారు నన్నును మాటలాడుమని ఆజ్ఞాపించిరి. కడచిన మాఘమాసమున ఒక శనివారమును, మరునాటి ఆదివారమును హనుమకొండ, ఓరుగల్లు నగరములలో గడపితిని. అప్పుడు చూచినదియు, చూచి తలపోసినదియు విన్నవించెదను. అది మన గ్రంథాలయమునకు సంబంధించిన విషయమేయని తుదకు మీకే తెలియగలదు.

కాజీపేట, హనుమకొండ, వరంగల్లు అను మూడూళ్ళును నేడు కలసిపోయి ఒక్క నగరమైనవి. కాజీపేట రైళ్ళకును, వరంగల్లు వర్తకమునకును, హనుమకొండ చదువునకును పేరువడినవి. సుబేదారిలోని కళాశాలకు 1927 నాటి మూలము కలదు. 1959 అక్టోబరు 10వ తేదీన జవహర్‌లాల్ నెహ్రూ ప్రాంతీయ ఇంజనీరింగు కళాశాలకు శంకుస్థాపన గావించెను. 2002లో అది జాతీయ సాంకేతిక విద్యాసంస్థ యైనది. ఆ 1959లోనే కాకతీయ వైద్య కళాశాలయు ఆరంభమైనది. 1976లో కాకతీయ విశ్వవిద్యాలయము వెలసినది. హైదరాబాదు మహానగరముతో పోల్చిన ఇది చిన్న ఊరే. కాని ఉదయవేళ ఏ వీధిలో నిలిచినను పుస్తకముల సంచి భుజమున లేని పిల్లవాడు కానరాడు.

ఓరుగంటికి పోవువాడు చంకనిడుకొని పోదగిన పుస్తకమొకటి మన బీరువాలోనే కలదు. అది వినుకొండ వల్లభరాయని క్రీడాభిరామము. రావిపాటి త్రిపురాంతకుని సంస్కృత ప్రేమాభిరామమునకు తెలుగు రూపము. మూలము నేడు లభించుట లేదు. తెలుగు మాత్రము నిలిచినది. గోవింద మంచనశర్మయు, అతని మిత్రుడు టిట్టిభసెట్టియు ఒక దినమెల్ల ఓరుగంటి వీధులలో తిరుగుదురు. ఏకవీర గుడి చూతురు, పల్నాటి వీరుల పాట విందురు, కోడిపందెములు కాంతురు, రూక యిచ్చి పూటకూటింట కడుపార భుజింతురు. అందలి శృంగార భాగమును సభామర్యాదనుబట్టి విడిచిపెట్టుచున్నాను. ఒక నగరమును చూచుట యెట్లో నేర్పు పుస్తకమది: నడచుచు చూడవలెను, కనబడినవారితో మాటలాడవలెను, తోడొకడుండవలెను. నాకు టిట్టిభసెట్టిగా విశ్వవిద్యాలయమున చదువుచున్న మా మేనల్లుడు దొరకెను. రూకకు భోజనము దొరకు కాలము గాదు గనుక వాని వసతిగృహపు అన్నమే నాకు పూటకూడైనది.

శనివారము తొలుత వేయిస్తంభముల గుడికి పోయితిమి. కాకతీయ రుద్రదేవుడు 1163లో శివునకును, వాసుదేవునకును, సూర్యునకును కట్టించిన త్రికూటాలయమది. దాని సంస్కృత శాసనమును రచించిన కవి అచింతేంద్రుడు. జనులు స్తంభములు లెక్కించుచుండగా నేను శాసనపు రాతి యొద్ద నిలిచితిని. ఇది మా వృత్తిదోషము. శాసనమనగా నేమి? ఎవరు, ఎప్పుడు, ఎవరికి, ఏమి యిచ్చిరో చెరగకుండ వ్రాసిపెట్టిన లెక్క. గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవున సముద్రవర్తకులకు అభయమొసగుచు ఏ సరకునకెంత సుంకమో రాతిపై చెక్కించెను. ఆ కాలపు కరణములు కాగితమును గాక కాలమును నమ్మి వ్రాసిరి.

గుడికెదురుగనున్న కల్యాణమండపము కథ మీరు వినవలెను. పునాది క్రుంగి స్తంభములొరగుటచే 2006 ప్రాంతమున పురావస్తు శాఖవారు దానిని రాయి రాయిగా విప్పిరి. మరల పేర్చి, జనులకు దర్శనమునకు తెరచుట 2024 మార్చి నెలలో జరిగినది. విప్పిన వారును నిపుణులే, పేర్చిన వారును నిపుణులే. అయినను నడుమ పదునెనిమిదేండ్లు గడచినవి. విప్పుట కన్న పేర్చుట యెంత కష్టమో ఆ మండపము చెప్పుచున్నది. ఈ మాట జ్ఞాపకముంచుకొనుడు. మరల దీని పని పడును.

మధ్యాహ్నము మా మేనల్లుని ఆచార్యులొకరు దయతో నన్ను అతిథిగా విశ్వవిద్యాలయ గ్రంథాలయమునకు తోడ్కొనిపోయిరి. బీరువాల వరుసలు చూచి నాకు మాట రాలేదు. మా వాడు నవ్వి, "మామా, ఏ పుస్తకము తీయమందువు?" అని అడిగెను. 1974లో ప్రభుత్వము ప్రకటించిన వరంగల్లు జిల్లా శాసన సంపుటమును తీయించితిని. పుటలు త్రిప్పినకొలది పల్లెల పేర్లే! ఫలానా ఊరి చెరువుకట్ట మీది రాయి, ఫలానా ఊరి గుడి ముంగిటి రాయి. రాజధాని ఓరుగల్లు గాని, రాజుల వార్త చెప్పినవి పల్లెలు. బయ్యారము చెరువు శాసనమునే చూడుడు. గణపతిదేవుని చెల్లెలు మైలాంబ చెరువు త్రవ్వించి వేయించిన ఆ శాసనములో కాకతీయుల వంశక్రమము కలదు. ఆ రాయి దొరకకున్న ఆ వంశపు తొలి పురుషులను గూర్చి చరిత్రకారులు నేటికిని చీకటిలో తడవుకొనుచుందురు. పాలకుర్తి సోమనాథుని యిచ్చెను. బమ్మెర పోతనను యిచ్చెను. నర్సంపేట చెంతనున్న లక్నేపల్లి, తరువాతి కాలమున ప్రధానమంత్రియై, వేయిపడగలను హిందీలోనికి తెచ్చిన పి.వి. నరసింహారావును కన్నది. ఈ పద్దులన్నియు పల్లెల పేర జమకట్టవలసినవే.

అయ్యలారా! నేను లెక్కలవాడను గనుక లెక్కలమాటలోనే చెప్పెదను. మనము పట్టణమునకు పోయినప్పుడెల్ల అప్పు అడుగబోవువానివలె తల వంచుకొని పోవుదుము. ఖాతా తీసి చూచిన నిజము వేరు. విద్యానగరము పల్లెకు ఋణపడియున్నది. రాతి శాసనము, తాళపత్రము, పాట, కవి, కడకు తరగతిలో కూర్చున్న విద్యార్థి, అన్నియు పల్లెనుండి పోయినవే. అవి అచట పుస్తకములైనవి, పట్టములైనవి, ఉద్యోగములైనవి. ఆ అప్పులో మనకు తిరిగి ముట్టునది ఏ ద్వారమున ముట్టును? కళాశాలల గ్రంథాలయములు సహజముగా తమ విద్యార్థుల కొరకే యున్నవి. నావంటి వాడు అతిథిగా ఒక్క పూట పోగలడు గాని నిత్యము పోజాలడు. కూలివానికిని, గృహిణికిని, బడి మానిన పిల్లకును తెరచిన ద్వారము ఊరి గ్రంథాలయమొక్కటే.

ఈ సంగతి మన పూర్వులెరుగుదురు. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమును, 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయమును వెలసినవి. నిజాము పాలనలో తెలుగు ఏలుబడి భాష గాదు. ప్రజలు తెలుగున సభ చేయదలచినను, బడి తెరవదలచినను అనుమతి సంపాదింపవలసి యుండెను. ఆ దినములలో ఈ నిలయములు పట్టము లేనివారికి విశ్వవిద్యాలయములు. గమనింపుడు: ఆ ఊరిలో విశ్వవిద్యాలయము వెలయుటకు డెబ్బది రెండేండ్లు ముందే గ్రంథాలయము వెలసినది. మొదట చదువరులు పుట్టిరి, తరువాత చదువుల భవనములు లేచినవి.

ఆదివారము కోటకు పోయితిమి. గణపతిదేవుడు, రుద్రమదేవి కట్టించిన రాతిప్రాకారము, నాలుగు దిక్కుల నాలుగు కీర్తితోరణములు. 1323లో రాజ్యము కూలినది, తోరణములు నిలిచినవి. ఆ రాళ్ళ నడుమ నాకు జ్ఞప్తికి వచ్చినది మాత్రము 1944 నాటి వార్త. ఆ యేడు ఓరుగంటిలో ఆంధ్ర సారస్వత పరిషత్తు సభలు జరుగుచుండగా కవిసమ్మేళనపు పందిరిని దుండగులు తగులబెట్టిరి. కవులు పారిపోలేదు. ఆ బూడిదపైననే సమ్మేళనము జరిపిరి. దాశరథి అందు తన కవిత్వము వినిపించెను. పందిరి కాలినను పద్యము కాలలేదు. కాని పద్యము వినువారు కూడుటకు ఒక చోటు వలయును. ఆ చోటుకొరకే వారు నిలిచిరి.

సాయంకాలము తిరుగు ప్రయాణమునకు ముందు పట్టణమందలి ఒక పఠనమందిరము చూచితిని. కుర్చీ ఖాళీ లేదు. మెట్లమీదను పిల్లలు కూర్చుండి ఉద్యోగ పరీక్షలకు చదువుచుండిరి. అందొకడు మన పొరుగూరి రైతుబిడ్డ. "ఏమి నాయనా, ఇంటియొద్ద చదువుకొనరాదా?" అంటిని. "ఊళ్ళో కూర్చునే జాగ లేదు తాతా. ఒక్కటే గది, టీవీ, పశువులు, చుట్టాలు. ఇక్కడ గది కిరాయికి, తిండికి నెలకు 6,000 అవుతున్నది. నాయన అప్పు తెచ్చి పంపుతున్నడు" అని వాడు బదులిచ్చెను. వాడు పట్టణమునకు వచ్చినది గురువు కొరకు గాదు, పుస్తకము కొరకైనను గాదు. ఒక బల్ల, ఒక దీపము, నాలుగు గంటల నిశ్శబ్దము కొరకు! వానిని తాతాయని పిలువనిచ్చినందుకు నాకు విచారము లేదు గాని, ఆ 6,000 రూపాయల పద్దు విని మనసు కలతపడినది.

ఇప్పుడసలు విషయమునకు వచ్చెదను. మన గ్రంథాలయపు గదిని ఎరువుల దుకాణమునకు అద్దెకిచ్చిన పంచాయతీకి రాబడి యుండునని కొందరు పెద్దలు తలచుచున్నారు. వారిని నేను తప్పుపట్టను. పైకప్పు కురియుచున్నది, క్రొత్త పుస్తకములకు ధనము లేదు, చదువరులు తగ్గిరి. చేతి ఫోనులో సమస్తము దొరకుచుండగా పుస్తకమెందుకని పిల్లలే అడుగుచున్నారు. ఇవి నిజములు. అయినను లెక్క పూర్తిగా వేయుదము. ఊరినుండి పది మంది పిల్లలు పట్టణపు గదులలో నున్న, ఆ రైతుబిడ్డ చెప్పిన ధరకు నెలకు 60,000 రూపాయలు ఊరు దాటును. గది అద్దె దానిలో ఎన్నవవంతు? అద్దె జమలో కనబడును. ఇది ఏ చిట్టాలోను కనబడదు. కనబడని ఖర్చు ఖర్చు గాదనుకొనుట కరణము చేయదగిన పని గాదు. ఫోను సమాచారమిచ్చును, బల్లను, నిశ్శబ్దమును ఈయజాలదు. మీదుమిక్కిలి, కల్యాణమండపమును మరువకుడు. ఈ గదిని ఖాళీ చేయుటకు ఒక్క పూట చాలును. మరల తెరచుట మన జీవితకాలమున జరుగునా?

కావున మూడు మనవులు. మొదటిది: గ్రంథాలయము రాత్రి తొమ్మిది గంటలవరకు తెరచియుంచి, పరీక్షలకు చదువు పిల్లలకు నాలుగు బల్లలు, మంచి దీపములు ఏర్పరుపవలెను. వంతులవారీగా తాళము చూచుటకు నాతోకూడ అయిదుగురము సిద్ధముగా నున్నాము. రెండవది: మన ఊరి చెరువుల పేర్లు, చెలకల పేర్లు, వృద్ధుల పాటలు, గుడియొద్ద సగము పూడిన రాతిమీది వ్రాత, ఇవన్నియు ఒక పుస్తకమున వ్రాయించి, ఒక ప్రతి ఇచట నుంచి, ఒక ప్రతి విశ్వవిద్యాలయమునకు పంపవలెను. అడుగకున్న అప్పు తీరదు. ఖాతా లేకున్న అప్పే లేదందురు. మూడవది: ఏటేట ఒక శని ఆదివారములు బడిపిల్లలను హనుమకొండకు తీసికొనిపోవలెను. వేయిస్తంభముల గుడి ఒక పూట, విశ్వవిద్యాలయము ఒక పూట, కోట ఒక పూట. తమ ఊరి వంటి ఊళ్ళ పేర్లు పెద్ద పుస్తకములలో అచ్చుపడియుండుట వారు కన్నులార చూడవలెను.

ఈ మూడింటికి కావలసిన వ్యయమును అంచనా కట్టి కార్యదర్శిగారికి ఒప్పగించియున్నాను. అది ఒక పెండ్లి విందుకు మించదు. మన మనుమలు స్వర్ణోత్సవ సంచికను ఈ గదిలోనే కూర్చుండి చదువుదురు గాక!