ఊరి పేరు గల చీజులు
(వార్షిక మహాసభయందు చేసిన యుపన్యాసము)



మనలో పెక్కండ్ర యింటిపేర్లు గ్రామనామములే. ఆ గ్రామములలో నేడు మనకు సెంటు భూమి లేకపోవచ్చును. పేరు మాత్రము వెంటవచ్చినది. పాశ్చాత్యుల చీజులకును ఇట్టి యింటిపేర్లు కలవు. వాని కథ యొకింత విన్నవించెదను.

చీజును జున్నని తెలిగించుట నాకు సమ్మతము కాదు. జున్ను ఈనిన పశువు తొలిపాలతో నగును. కాగిన పాలలో పెరుగు పోయగా విఱిగి గట్టిపడు భాగమును యాజ్ఞికులు ఆమిక్ష యనిరి. చీజు దానికి దగ్గఱి చుట్టము. అయితే పాశ్చాత్యులు పూర్వమునుండి దూడ పొట్టనుండి తీసిన రసముతో పాలను విఱుచుచుండిరి. నేడు సూక్ష్మజీవులవలన లభించు రసమును వాడుటయు కలదు. శాకాహారులు విచారించి కొనవలెను.

ఫ్రాన్సు దక్షిణభాగమున రోక్‌ఫోర్టను చిన్న యూరు కలదు. అచట కొంబలూ కొండ కూలగా నేర్పడిన గుహలలో, రాతిపగుళ్లగుండ చల్లని తేమగాలి వీచుచుండును. గొఱ్ఱెపాల గడ్డలకు నొకజాతి బూజును చేర్చి, సూదులతో పొడిచి, ఆ గుహలలో నుంచుదురు. గాలి చొచ్చిన త్రోవలవెంట బూజు పెరిగి నీలిచారలగును. మనము పాఱవేయు బూజే వారికి రుచి! మొత్తముమీద 90 దినములైనను పండవలెను. 1411లో ఆఱవ చార్లెసు రాజు దీనిని పండించు హక్కును ఆ యూరివారికే యొసగెను; 1925లో ఫ్రెంచి శాసనము ఆ నామమునకు రక్ష కట్టెను. బురదలో పుట్టిన దానినెల్ల మనము పంకజమనము, తామరనే యందుము. వ్యుత్పత్తియు రూఢియు కలిసిన యిట్టి పదము యోగరూఢము. రోక్‌ఫోర్టట్టిది.

చెడ్డరు గతి వేఱు. అది యింగ్లండున సోమర్‌సెట్టు మండలమందలి యూరు. విఱిగిన పాలగడ్డను పలకలుగా కోసి, ఒకదానిపై నొకటి పేర్చి, మాటిమాటికి తిరుగవేసి నీరు దిగజార్చుటయే దాని విద్య. 19వ శతాబ్దమున జోసెఫ్ హార్డింగు అనునతడు ఆ పనికి వేడిమి, శుభ్రత మొదలగు నియమములు కల్పించి, దాచుకొనక పరులకు నేర్పెను. నేడు కెనడాలో, ఆస్ట్రేలియాలో, మన దేశమున సైతము చెడ్డరు తయారగుచున్నది. పేరు ఊరినుండి విడివడి వట్టి రూఢి యయ్యెను. హార్డింగును నేను తప్పుపట్టజాలను. జీవితమంతయు పాఠములు చెప్పినవాడను.

నాకు మింగుడుపడనిది స్టిల్టను వృత్తాంతము. 18వ శతాబ్దమున, లండనునుండి యుత్తరమునకు పోవు రాజమార్గమున, స్టిల్టను గ్రామపు సత్రమున బాటసారులకు అమ్మబడిన చీజునకు ఆ యూరి పేరే నిలిచెను. 1996లో ఐరోపా కూటమివలన లభించిన రక్షణ ప్రకారము డెర్బీషైరు, లీస్టర్‌షైరు, నాటింగ్‌హామ్‌షైరు మండలములందే దీనిని చేయవలెను. స్టిల్టను గ్రామమో, కేంబ్రిడ్జిషైరులోనిది! ఈ నియమమును సడలింపుడని కోరగా 2013లో ప్రభుత్వము త్రోసిపుచ్చెను. ఆ యూరివారు తమ యూరిలో చేసిన చీజును తమ యూరి పేరిట అమ్మరాదు.