పైరులకు భాస్వరము నందించు భూశిలీంధ్రములు

(సైదాబాదున రైతుల యెదుట చదువబడిన ఉపన్యాసము)



ఇండ్లతో నిండిన సైదాబాదు దాటి ఇబ్రహీంపట్టణమునకు పోవు దారిలో ఎఱ్ఱ చెల్కలు కానవచ్చును. చెల్కలలో జొన్నపైరు, వానలు చక్కగా కురిసినను, ఒక్కొకప్పుడు గిడసబారి, ఆకులు ఊదారంగునకు తిరుగును. ఇది భాస్వరపు కొఱతకు గుర్తు. ఆశ్చర్యమేమనగా, నేలలో భాస్వరము బొత్తిగా లేకపోలేదు. చెల్కలో అది ఇనుముతోను, రేగడిలో సున్నముతోను కలిసి బిగిసియుండును.

నత్రజనివలె భాస్వరము నీటితో సులభముగా కదలి రాదు. వేరు తనచుట్టు ఒకటి రెండు మిల్లీమీటర్ల మేర నున్నదానిని పీల్చుకొనిన పిమ్మట ఆ చోటు వట్టిపోవును. అప్పుడు శిలీంధ్రములు తోడ్పడును. కంటికానని వీని పోగులు వేరులోనికి చొచ్చి, వెలుపల కొన్ని సెంటీమీటర్ల దూరము ప్రాకి, వేరునకందని భాస్వరమును తెచ్చియిచ్చును. ప్రతిఫలముగా మొక్క తాను ఆకులలో తయారుచేసిన చక్కెరలో కొంత వానికిచ్చును. ఇట్టి పొత్తునకు 1885లో జర్మను శాస్త్రజ్ఞుడు ఫ్రాంకు ‘మైకోరైజా’ యని పేరిడెను. జొన్న, మొక్కజొన్న, కంది, పత్తి, మిరప మొదలగువానికి ఈ పొత్తు కలదు. ఆవాలకును క్యాబేజీకిని లేదు.

కందికి మఱియొక నేర్పు కలదు. దాని వేరు ఒక ఆమ్లమును స్రవించి, ఇనుముతో బిగిసిన భాస్వరమును విడిపించునని పటాన్‌చెరువులోని ఇక్రిశాట్ శాస్త్రజ్ఞులు 1990లో ప్రకటించిరి. జొన్నలో కందిసాళ్లు వేయు పెద్దల ఆచారమును విడువకుండుట మేలు.

రైతులు గమనింపవలసినవి మూడు. మొదటిది, మట్టిని పరీక్ష చేయింపక సూపరు ఫాస్ఫేటు మెండుగా వేయరాదు. భాస్వరము సమృద్ధిగా దొరకిన వేరు శిలీంధ్రమును చేరదీయదు. అప్పుచేసి కొన్న సంచియే ఉచితముగా జరుగు పనిని చెఱచును. రెండవది, అక్కఱ లేక మాటిమాటికి దున్నరాదు, పోగులు తెగిపోవును. మూడవది, చేనును ఏడాది పొడుగున వట్టి బీడుగా నుంచరాదు. వేరు లేనిచోట శిలీంధ్రము క్షీణించును. తేమయున్న కాలమున జనుమునో అలసందనో చల్లుట మంచిది.

అయినను ఒక మాట మఱువరాదు. శిలీంధ్రము భాస్వరమును పుట్టింపదు, ఉన్నదానిని అందించును. ధాన్యముతోను చొప్పతోను చేను విడిచిపోయిన భాస్వరమును పెంటయెరువుగా మరల నేలకు చేర్పవలెను. గాదె వట్టిపోయినచో ఎంత నేర్పరియైన పాలేరును ఏమి కొలిచి తేగలడు?