జలాంతర్వాహనము – విద్యుత్తు జమాఖర్చు

(గ్రంథాలయ రజతోత్సవ సభయందలి ఉపన్యాసము)



గోదావరీ తీరముననున్న లక్సెట్టిపేట వాసులకు పుట్టియు, పడవయు క్రొత్తవి కావు. కాని లోపల మనుష్యుడు లేక, వెంట త్రాడు లేక, నీటి అడుగున తనంత తాను సంచరించి, పని ముగించుకొని తిరిగివచ్చు వాహనము క్రొత్తది. దానిని స్వయంచాలిత జలాంతర్వాహనమందురు. ఇట్టివానిని నిర్మించు ప్రయోగశాల తెలుగునాటనే, విశాఖపట్టణమున కలదు. అది 1969లో స్థాపితమైన నౌకా విజ్ఞాన సాంకేతిక ప్రయోగశాల. 2016లో నౌకాదళమునకందిన వరుణాస్త్రమను టార్పెడో అచటనే రూపొందినది. అదియు విద్యుత్తుచేతనే నడచును. మనుష్యులు మోసికొనిపోదగిన చిన్న జలాంతర్వాహనములను ఆ ప్రయోగశాల సిద్ధపరచినట్లు 2025 నవంబరులో ప్రకటన వెలువడెను. శత్రువులు సముద్రమున దాచిన మందుపాతరలను సోనారుచేతను, కెమెరాచేతను వెదకుట వాని పని. పూర్వము ఆ పనికి ఓడలును, ఈతగాండ్రును ఎదురుపోవలసియుండెడిది. వాహనము పోయిన ధనము పోవును; ప్రాణము నిలుచును.

ఇట్టి వాహనమునకు ప్రాణము బ్యాటరీ. నీటి అడుగున గాలి దొరకదు గావున సామాన్యమైన ఇంజను అచట పనిచేయదు. ఉప్పునీటిలో రేడియో తరంగములు దూరము పోజాలవు గావున ఒడ్డుననున్నవారు క్షణక్షణము ఆజ్ఞలీయలేరు. సముద్రము దాటు హనుమంతునకు మైనాకుడు లేచి విశ్రాంతి నీయవచ్చెను. ఈ వాహనమునకు నడిసముద్రమున మైనాకుడు లేడు. వెంట గొనిపోయినదే సర్వస్వము. కావున లోపల నొక గణకుడుండవలెను. విద్యుత్తును పంచి, కాపాడు ఎలక్ట్రానిక్ పరికరమే ఆ గణకుడు.

కౌటిల్యుడు అర్థశాస్త్రమున ఆయము, వ్యయము, నీవి యని లెక్కలను విభజించెను. నీవి యనగా నిలువ. ఈ పరికరమునకును ఆ లెక్కలే ముఖ్యములు.

ముందు నిలువ సంగతి. లిథియం-అయాన్ సెల్లు సాధారణముగా నిండినప్పుడు సుమారు 4.2 వోల్టులు చూపును. మితిమీరి నింపిన నిప్పంటుకొను ప్రమాదము కలదు; మితిమీరి వాడిన సెల్లు చెడును. వరుసగా కూర్చిన సెల్లులలో ఒక్కటి బలహీనమైనను తక్కినవాని బలము అక్కరకు రాదు. కావున ప్రతి సెల్లును విడివిడిగా కొలిచి, ఎక్కువ తక్కువలను సరిచేయవలెను. బ్యాటరీనుండి పోవు ప్రవాహమును ఎడతెగక లెక్కించుచు నిలువను కట్టుదురు. కాని చిన్న చిన్న తప్పులు పేరుకొని లెక్క చెడును. అందుచే నడుమనడుమ వోల్టుల కొలతతో సరిచూతురు. చిట్టాలోని నిలువను పెట్టెలోని రొక్కముతో సరిచూచుట వంటిదే యిది.

ఇక వ్యయము రెండు విధములు. కంప్యూటరు, సోనారు మున్నగువానికి నియతముగా నగునది యొకటి, నడకకగునది యొకటి. వేగము రెట్టింపైన నడకఖర్చు సుమారు ఎనిమిది రెట్లగును. ఉదాహరణమునకు నిలువ 1,200 వాట్-గంటలు, నియతవ్యయము 40 వాట్లు, సెకనుకు 1 మీటరు నడకకు 20 వాట్లు అనుకొందము. ఆ వేగమున వాహనము 20 గంటలలో 72 కిలోమీటర్లు పోవును. రెట్టింపు వేగమున నడకకే 160 వాట్లగును. 6 గంటలలో, 43 కిలోమీటర్లకే నిలువ తీరును. మెల్లగా పోయిన మేలగునా? సగము వేగమున 28 గంటలు నడచియు 51 కిలోమీటర్లే పోవును. నియతవ్యయము నిలువను తినివేయును. తొందరయు చేటే, జాగును చేటే. నడకఖర్చు నియతవ్యయములో సగమున్న వేగమే మిక్కిలి దూరము చేర్చును.

పనిలేని సోనారును ఆర్పుట, నీరు చేరి షార్టయిన శాఖను విడదీసి తక్కినవానిని కాపాడుట కూడ ఈ గణకుని విధులు. అన్నిటికంటె ముఖ్యమైనది తిరుగుప్రయాణపు నిలువను ముట్టనీయకుండుట. ఆ గీత చేరినంతనే, పని మిగిలియున్నను, వెనుకకు మరలింపవలెను. వాహనము మునిగిన అది చూచిన సంగతులన్నియు దానితో మునుగును. దాని మాట నమ్మి బయలుదేరవలసిన ఓడలకు త్రోవ తెలియదు. కొన్ని వాహనములలో విద్యుదయస్కాంతముచే ఒక బరువును పట్టియుంచుదురు. విద్యుత్తు ఆగినంతనే బరువు జారిపడి, వాహనము పైకి తేలును. సర్వస్వము తీరిననాడు కూడ ఇల్లు చేర్చు ఏర్పాటది.

నేడు మన వీధులలో తిరుగు విద్యుత్తు స్కూటరులోను ఇట్టి గణకుడే యున్నాడు. వానిని విప్పి చూచి, అర్థము చేసికొని, బాగుచేయగల యువకులును, యువతులును ఈ ఊరినుండి రావలెను. అందులకు కావ్యములు నిండిన బీరువాల ప్రక్కనే విద్యుచ్ఛాస్త్ర గ్రంథములకును ఒక బీరువా ఏర్పడుగాక! మన గ్రంథాలయము స్వర్ణోత్సవము జరుపుకొను నాటికి ఆ బీరువాలోని పుస్తకములు చేతులు మారి నలిగియుండుగాక!