పరీక్ష ఇద్దరికీ చేయించాలి: వీర్యకణం గురించి మనం తెలుసుకోవలసినవి

(మండల సమాఖ్య సర్వసభ్య సమావేశంలో ఆరోగ్య ఉపసంఘం తరఫున చేసిన ప్రసంగం, పట్టిసీమ)



మన మీటింగుల్లో పొదుపు, అప్పులు, వాయిదాల గురించి మాట్లాడుకుంటాం. ఈసారి మేము మగవారి ఒంట్లో వీర్యకణం ఎలా తయారవుతుందో చెప్పబోతున్నాం. ఇందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదండి. ఇది తెలియకపోతే నష్టపోయేది మనమే. పెళ్ళయి రెండేళ్ళు దాటినా కడుపు పండకపోతే "గొడ్రాలు" అనే మాట ఆడదానికే అంటగడతారు. స్కానింగులు ఆమెకే, మందులు ఆమెకే, మొక్కులూ ఆమెకే. సంఘంలో తెచ్చిన అప్పు వాటికే అయిపోతుంది. భర్తకు మాత్రం ఒక్క పరీక్ష కూడా జరగదు. పిల్లలు కలగని జంటల్లో దాదాపు సగం మందిలో మగవారి వైపు కూడా కారణం ఉంటుందని వైద్యులు చెబుతున్నారు.

ఆడపిల్ల పుట్టేటప్పటికే ఆమె అండాల నిల్వ ఆమె కడుపులో ఉంటుంది. మగవారి సంగతి వేరు. ఈడు వచ్చినప్పటి నుంచి వృషణాల్లో వీర్యకణాలు రోజూ కోట్లలో తయారవుతూనే ఉంటాయి. వృషణం లోపల దారాల్లాంటి సన్నని గొట్టాలు చుట్టలు చుట్టుకుని ఉంటాయి. వాటి గోడల్లో ఉండే మూలకణాలే దీనికి విత్తనం. మనిషి కణంలో 46 క్రోమోజోములు ఉంటాయి. మూలకణాల నుంచి వచ్చిన ఒక్కో కణం రెండుసార్లు విడిపోయి, 23 చొప్పున ఉన్న నాలుగు కణాలు అవుతుంది. మిగతా 23 అమ్మ అండం నుంచి రావాలి కాబట్టి ఇలా సగం అవుతాయన్నమాట. మొదట గుండ్రంగా ఉండే ఆ కణాలకు తర్వాత తోక మొలుస్తుంది.

ఇదంతా జరగడానికి సుమారు 70 రోజులు పడుతుంది. ఆ తర్వాత వృషణం వెనక ఉండే మరో గొట్టంలోకి చేరతాయి. అది చుట్ట విప్పితే సుమారు 6 మీటర్లు ఉంటుందట. అందులో కొన్ని రోజులు ఉండి, ఈదే శక్తి తెచ్చుకుంటాయి. అంటే మొత్తం మీద రెండున్నర, మూడు నెలల పని. ఈ లెక్క గుర్తుపెట్టుకోండి, తర్వాత అవసరం పడుతుంది.

వీర్యకణం పొడవు మిల్లీమీటరులో సుమారు ఇరవయ్యో వంతు. కంటికి కనబడదు. 1677లో హాలెండు దేశస్థుడు లీవెన్‌హుక్ సూక్ష్మదర్శినిలో దీన్ని చూశాడు. దీనికి మూడు భాగాలు. తలలో తండ్రి ఇచ్చే 23 క్రోమోజోములు ఉంటాయి. తల మీద టోపీలాంటి సంచి ఉంటుంది. అండం చుట్టూ ఉన్న పొరను దాటడానికి పనికొచ్చే రసాలు అందులో ఉంటాయి. నడుమ భాగం శక్తిని తయారుచేస్తుంది. చివర ఈదడానికి తోక.

మన పట్టిసీమ ఎత్తిపోతల్లో 24 పంపులున్నా కరెంటు లేకపోతే ఒక్క చుక్క పైకెక్కదు కదా. ఈ తోకకు కరెంటు లాంటిది ఏటీపీ అనే పదార్థం. దాన్ని 1929లో కండరాల్లో కనుక్కున్నవారిలో మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు ఒకరు.

ఇంకో ముఖ్యమైన మాట. అమ్మ అండంలో ఎప్పుడూ ఎక్స్ క్రోమోజోమే ఉంటుంది. వీర్యకణాల్లో సగం ఎక్స్‌వి, సగం వైవి. ఎక్స్ కణం కలిస్తే ఆడబిడ్డ, వై కణం కలిస్తే మగబిడ్డ. కాబట్టి ఆడపిల్ల పుట్టిందని కోడలిని నిందించడం అన్యాయం. తండ్రిని నిందించడమూ తప్పే, అది ఎవరి చేతిలోనూ లేదు.

మరి ఈ తయారీ ఎందుకు దెబ్బతింటుంది? వృషణాలు ఒంటి వేడి కంటే రెండు మూడు డిగ్రీలు చల్లగా ఉండాలి. అందుకే అవి బయట ఉంటాయి. బట్టీల దగ్గర, బాయిలర్ల దగ్గర ఏళ్ళ తరబడి పనిచేసేవారికి ఆ వేడి మంచిది కాదు. వృషణాల దగ్గర సిరలు ఉబ్బడం, ఈడొచ్చాక గవదబిళ్ళలు రావడం, పొగాకు, ఎక్కువ తాగుడు కూడా కారణాలు. కొన్ని పురుగుమందులు కూడా హాని చేస్తాయి. కండలు పెరగాలని డాక్టరును అడగకుండా వేసుకునే సూదులు తయారీనే ఆపేయగలవు. కొందరికి పుట్టుకతోనే వై క్రోమోజోములో చిన్న ముక్క లోపిస్తుంది. హైదరాబాదులోని సీసీఎంబీ శాస్త్రవేత్తలు దీని మీద పరిశోధన చేశారు. మన గోదావరి జిల్లాల్లో బోదకాలుతో పాటు వరిబీజం కూడా ఎరిగినదే. ఆ వాపు ఉంటే దాచుకోకుండా చూపించుకోవాలి.

"మా ఆయన బలంగానే ఉన్నాడు, ఆయనకు పరీక్షేంటి" అంటారు కొందరు. మీసం, గొంతు, కోరిక ఇవన్నీ వృషణంలో వేరే కణాలు చేసే హార్మోను వల్ల వస్తాయి. వీర్యకణాలు ఒక్కటి లేకపోయినా అవి మామూలుగానే ఉండవచ్చు. కాబట్టి కణాలు తక్కువైతే మగతనం తక్కువని కాదు. ఈ మాట ఇంట్లో నెమ్మదిగా చెప్పండి. సగం మొండితనం భయం వల్లే.

వీర్య పరీక్షలో కోత లేదు, సూది లేదు. రెండు నుంచి ఏడు రోజులు దూరంగా ఉండి నమూనా ఇవ్వాలి. మిల్లీలీటరుకు కోటీ అరవై లక్షలు, అంతకు పైన ఉంటే సరిపడా ఉన్నట్టు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఇచ్చిన కొలత. కదలిక, ఆకారం కూడా చూస్తారు. ఒక్కసారి తక్కువ వచ్చిందని ఆశ వదులుకోకండి. జ్వరం వచ్చి తగ్గినా కొన్నాళ్ళు తగ్గుతాయి. ఇందాక చెప్పిన మూడు నెలల లెక్క ఇక్కడే పనికొస్తుంది. ఈ రోజు సిగరెట్టు మానితే ఫలితం రేపు కనబడదు. కొత్త కణాలు తయారై రావాలి.

ఏడాది పాటు కలిసి ఉన్నా గర్భం రాకపోతే, భార్యకు 35 దాటితే ఆరు నెలలకే, ఇద్దరూ కలిసి డాక్టరు దగ్గరకు వెళ్ళాలి.

సంఘాలకు మా మనవి రెండే మాటలు. పిల్లల కోసం వైద్యానికని ఎవరైనా అప్పు అడిగితే, ఆమెను పక్కకు పిలిచి "మీ ఆయనకు పరీక్ష అయిందా అమ్మా" అని అడగండి. నలుగురిలో అడగొద్దు. కాలేదంటే, పెద్ద ఖర్చుకు పోకముందే ముందు అది చేయించమనండి. రెండోది, గొడ్రాలు అనే మాట మన సంఘాల్లో ఎవరి నోటా రాకూడదు. ఎవరైనా అంటే అక్కడే ఆపుదాం.