మనుమరాలి ఉద్యోగం
(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



పెన్షన్ దయాధర్మం కాదు, హక్కు అని 1982 డిసెంబరు 17న నకారా కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పిన రోజును మనం ఏటా పండుగలా జరుపుకుంటున్నాం. ఇలాంటి రోజున పెన్షనే లేని ఉద్యోగం గురించి మాట్లాడబోతున్నాను. కార్యదర్శిగారు మన్నించాలి.

మూడేళ్ళ క్రితం మా మనుమరాలు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం మానేసి, హాస్టలు పిల్లలకు చదువులోనూ, ఆపైన బతుకుతెరువు వెతుక్కోవడంలోనూ తోడుండే ఒక స్వచ్ఛంద సంస్థలో చేరతానంది. జీతం సగం. "పెన్షన్ ఉందా అమ్మా?" అన్నాను. "2004 సెప్టెంబరు నుంచి సర్కారులో చేరినవాళ్ళకి మాత్రం మీ పాత పెన్షన్ ఉందా తాతయ్యా?" అంది. జవాబు లేక కోపం వచ్చింది. రెండు నెలలు ఆ పిల్లతో మాట్లాడలేదు.

చివరికి మా ఆవిడ పోరు పడలేక ఒక శనివారం ఆ హాస్టలుకు వెళ్ళాను. పన్నెండు మంది పిల్లలు. ప్రతి వారం అదే రోజు, అదే వేళ, అదే మనిషి రావాలట, అదే ముఖ్యమట. ఉపన్యాసం లేదు. ఒక కుర్రాడు వాళ్ళ నాన్న తాగుడు సంగతి అరగంట చెప్పాడు. ఈమె విన్నది. తర్వాత రిజిస్టరు తీసి రాసుకుంది.

రిజిస్టరు చూడగానే నాలోని గుమాస్తా లేచాడు. అచ్చం మన పర్సనల్ రిజిస్టరే! పేరు, ఇంటి పరిస్థితి, ఇచ్చిన మాట, మాట నిలబెట్టుకున్న తేదీ, పెండింగు. మధ్యలో ఒక గడి మాత్రం మన ఆఫీసుల్లో ఎన్నడూ చూడనిది: "తనకు ఏం చేయాలని ఉంది?"

అక్కడ నా చూపు ఆగిపోయింది. మా వీధిలో ఒకబ్బాయి ఉండేవాడు. డిగ్రీ అయ్యాక సలహా కోసం నా దగ్గరకు వచ్చాడు. ఫ్రిజ్జులు, మోటార్లు విప్పి బిగించడంలో మహా నేర్పరి. నేను గ్రూప్-2 రాయమన్నాను. పుస్తకాలు కొనిచ్చాను. మూడేళ్ళు కూర్చోబెట్టాను. రాలేదు. ఒకరోజు చెప్పకుండా ఊరు విడిచి వెళ్ళిపోయాడు. ఆ మూడేళ్ళలో నేను ఒక్కసారీ ఆ గడి నింపలేదు.

ఈ పని కొత్తదేమీ కాదు. 1991 నుంచి రంగారెడ్డి జిల్లాలో మామిడిపూడి వెంకటరంగయ్య ఫౌండేషన్ పనిపిల్లలను బడికి మళ్ళించింది; పల్లెల్లోని యువతీయువకులే ఆ పనికి కాళ్ళూ చేతులూ. దానిని నడిపిన శాంతా సిన్హా గారికి 2003లో మెగసెసే అవార్డు వచ్చింది. ఆమె వెంకటరంగయ్యగారి మనుమరాలే. ఈ సంగతి నాకు మా ఇంటి మనుమరాలే చెప్పింది, కాస్త గర్వంగానే!

అయితే నా బెంగ పూర్తిగా తీరిందని చెప్పను. 2013 కంపెనీల చట్టం ప్రకారం పెద్ద కంపెనీలు సగటు లాభంలో నూటికి రెండు రూపాయలు ఇలాంటి సామాజిక పనులకు వెచ్చించాలి. ఆ సొమ్ము చాలాచోట్ల ఏడాదికో మారు మంజూరవుతుంది. మంజూరు ఆగితే జీతమూ ఆగుతుంది. మీ పిల్లలెవరైనా ఈ దారిన వెళ్తామంటే కోప్పడకండి గాని, మూడు సంగతులు అడగండి: సంస్థ రిజిస్టరయిందా, పి.ఎఫ్. కడుతున్నారా, ఏటా ఆడిట్ జరుగుతోందా? సేవ అనే పేరు పెట్టి జీతం ఎగ్గొట్టడం నాకు నచ్చదు. మా పిల్ల అడిగే చేరింది. ఇప్పుడు లెక్కలు, నివేదికలు రాయడమూ నేర్చింది. ఆమె రాసిన నివేదికల్లో తప్పులు నేను దిద్దుతాను. నా దిద్దుబాట్లలో సగం ఆమె కొట్టేస్తుంది.

శనివారాలు నేనూ వెళ్తున్నాను. స్కాలర్‌షిప్పు దరఖాస్తులు, ఆదాయ ధ్రువపత్రాలు నా సెక్షను. 35 ఏళ్ళు కౌంటరుకు ఇవతల కూర్చున్నవాణ్ణి, ఇప్పుడు అవతల నిలబడుతున్నాను.

మా వీధి అబ్బాయి విజయవాడలో ఏసీలు బాగుచేసే దుకాణం పెట్టుకున్నాడని ఈమధ్య తెలిసింది. ఫోను నంబరు సంపాదించి రెండు వారాలైంది. ఇంకా చేయలేదు.