నోటి పూత, కాలి వాపు

 

మన సంఘం దగ్గరికి సాయం కోసం ఒక యువకుడు వచ్చాడు. ఏళ్ల తరబడి నోటి పూత. వేడి చేసిందని ఇంట్లో మజ్జిగ తాగించారు. కళ్లు ఎర్రబడితే చుక్కల మందు వేశారు. ఒక కాలు వాస్తే నూనెతో మాలిష్ చేశారు. మేమూ మందులకు కొంత డబ్బిచ్చి బాధ్యత తీరిందనుకున్నాం. ఈ మూడూ ఒకే జబ్బని ఎవరికీ తోచలేదు.

దాని పేరు బెహ్చెట్ వ్యాధి. తుర్కియే చర్మ వైద్యుడు హులూసీ బెహ్చెట్ 1937లో దీన్ని వివరించారు. తుర్కియే, ఇరాన్ నుంచి జపాన్ దాకా పాత పట్టు వ్యాపార మార్గం వెంట ఎక్కువగా కనిపిస్తుంది. మన దగ్గర అరుదు, అందుకే త్వరగా తట్టదు. ఇది అంటువ్యాధి కాదు. మర్మస్థానాల్లోనూ పుండ్లు రావచ్చు. దాన్ని చెడు నడతకు అంటగట్టి ఎవరినీ అవమానించకండి.

ఈ జబ్బులో రక్తనాళం గోడే వాస్తుంది. అక్కడ రక్తం గడ్డకడుతుంది. కాలి సిరల్లో ఎక్కువ, యువకుల్లో మరీ ఎక్కువ. ఒక్కోసారి ఊపిరితిత్తుల ధమని బుడగలా ఉబ్బుతుంది. అది పగిలితే ప్రాణానికే ముప్పు. కాబట్టి రక్తం పలచబడే మాత్రలు ఒక్కటే చాలవు, ఉబ్బు ఉన్నవారికి అవే ప్రమాదం కావచ్చు. ముందు వాపును అణచాలి. అందుకు స్టెరాయిడ్లు, అజాథయోప్రిన్ వంటి మందులు డాక్టరు చెప్పినన్నాళ్లు వాడాలి. తగ్గిందని మధ్యలో మానకూడదు.

నోటి పూత పదే పదే వస్తూ కళ్లు ఎర్రబడినా, ఒక కాలు వాచినా మాలిష్ వద్దు. దగ్గితే రక్తం పడితే ఆ క్షణమే ఆస్పత్రికి వెళ్లండి. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లిలో ఇప్పుడు ప్రభుత్వ మెడికల్ కాలేజీలు ఉన్నాయి. అక్కడ మొదట చూపించండి. హైదరాబాదు నిమ్స్‌లో ఈ జబ్బులు చూసే రుమటాలజీ విభాగం ఉంది.

అయితే జనగామ వారికి, మహబూబాబాద్ వారికి రైలుంది. భూపాలపల్లి వారికి బస్సే దిక్కు. పోను రాను ఛార్జీలు, ఆ రోజు కూలీ పోవడం, ఇవే మందు మాన్పిస్తాయి. అందుకే మా విన్నపం ఒక్కటే: ఇలాంటి రోగికి ఒకసారి పెద్ద మొత్తం ఇచ్చి ఊరుకోవద్దు. నెలనెలా మందులకు, ప్రయాణానికి కొంచెం కొంచెంగా ఇద్దాం. ఆ యువకుడి విషయంలో మేం ఆలస్యంగా నేర్చుకున్న పాఠం ఇదే.

అల్లాహ్ అందరికీ ఆరోగ్యం ప్రసాదించుగాక. ఆమీన్.